ఇరవై పౌండ్ల కొసరు

మొన్న వంటింట్లో, ఇక్కడ ఐర్లండువాళ్ళు ప్రెస్ అనే అలమర మీద, విల్లు పెట్టె వెనకున్న కందిపప్పు డబ్బా దింపబోతే కుడి భుజం చిటుక్కుమంది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు. నొప్పేమీ లేదు. ఎప్పటిలాగే సుగుణ ఆంటీ గుర్తొచ్చారు.

ఆవిడ అప్పట్లో మా ఊరు లెటర్‌కెన్నీలో ఫిజియోథెరపిస్టు. పుట్టింది విజయవాడ, విలువిద్య నేర్చుకున్నదీ అక్కడే. ఆదివారాలు మా విలువిద్య క్లబ్బులో కొత్తవాళ్ళకు నేర్పేవారు. ఐర్లండులో విల్లుతో వేటాడటం నేరం కాబట్టి మేం ఫోమ్ జింకలనే కొట్టేవాళ్ళం. అయినా నేను కొన్నది వేట విల్లే, కప్పీలున్న కాంపౌండు రకం. దాన్ని లాగడానికి పట్టే బలాన్ని పౌండ్లలో చెబుతారు. యాభై పౌండ్లదీ డెబ్బై పౌండ్లదీ ఒకే ధర. చీరాలలో మాది మూడు తరాల బట్టల కొట్టు. ఇరవై పౌండ్లు కొసరు వస్తుంటే వదిలే రక్తం కాదు.

ఆంటీ నా విల్లు చూసి, స్టూలు ముందుకు జరిపారు.

“కూర్చో. కాళ్ళు రెండూ పైకెత్తు. విల్లు జింక కేసే ఉంచి మెల్లగా లాగు.”

సగం లాగకముందే విల్లు ఆకాశం చూసింది, నా కాళ్ళు నేలను వెతుక్కున్నాయి.

“నలభై ఐదు,” అన్నారు.

“అరవై ఐదు చేద్దాం ఆంటీ. మరలు కాస్త వదులు చేస్తే సరి.”

“నలభై ఐదు.”

“మీ మాటా వద్దు, నా మాటా వద్దు. అరవై.”

“నాతో ఏం బేరం బాబూ? నీ భుజాన్నడుగు. ఫోమ్ జింక ఎటూ చావదు, నలభై అయినా గ్రాండే, చాలు. నాది ముప్ఫై ఎనిమిది.”

ఆ నెల క్లబ్బులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఆవిడవే.

నా విల్లు ఎంత వదులు చేసినా అరవైకి దిగువకు రాదట. క్లబ్బు విల్లు వాడుకోమన్నారు. ఇంట్లో కొత్త సైకిలుండగా అద్దె సైకిలు తొక్కమన్నట్టు తోచింది. ఆవిడకు డ్యూటీ పడిన ఆదివారం, చలికి బిగుసుకున్న చేతులతో, డెబ్బై మీదే పంతం పట్టాను. పదకొండో బాణానికి భుజంలో ఆ చిటుక్కు వినబడింది. ఆ పైన చెయ్యి చెవిదాకా లేవలేదు.

సిగ్గు విడిచి ఆవిడ దగ్గరికే వెళ్ళాను. తిడతారనుకున్నాను. భుజం తడిమి చూశారు.

“మళ్ళీ విల్లు పట్టగలనా ఆంటీ?”

“తెలీదు. ఆరు వారాలు టీ కప్పు ఒక్కటే ఎత్తు. అప్పుడు చూద్దాం.”

నాలుగు వారాలు చేద్దామని అనలేదు నేను.

నాలుగు నెలలకు, నలభై పౌండ్ల క్లబ్బు విల్లుతో అదే స్టూలు మీద కాళ్ళెత్తి లాగాను. విల్లు జింక మీంచి కదల్లేదు. “ఊఁ, ఇక లే. నా స్టూలు నాకివ్వు,” అన్నారు. ఆవిడ నోట నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

నిరుడు ఆవిడ కార్క్ నగరానికి వెళ్ళిపోయారు. నేను డెబ్బై పౌండ్ల విల్లు అమ్మకానికి పెట్టాను. బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి ఒక తెలుగు ఇంజనీరు మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు. “కొనేదేదో డెబ్బైదే కొంటే పోలా అన్నా?” అంటూ జేబులో చెయ్యి పెట్టాడు. నా కాలు దానంతటదే వంటింటి స్టూలును అతని ముందుకు తోసింది.

“కూర్చో తమ్ముడూ. కాళ్ళు రెండూ పైకెత్తు.”

ఉత్తచేతులతో వెళ్ళాడు. మా వంశంలో కొనడానికొచ్చినవాణ్ణి వెనక్కి పంపింది నేనొక్కణ్ణే. విల్లు ఇంకా ప్రెస్ మీదే ఉంది, కందిపప్పు డబ్బాకు అడ్డంగా.