విత్తనానికి వదిలిన సొరకాయ

ఫిబ్రవరి ఆఖర్లో పెరట్లో మళ్ళు సిద్ధం చేసుకున్నాను. గోడవారన బెండ, దాని పక్కన గోరుచిక్కుడు, కుళాయి దగ్గర తోటకూర. గేటు నుంచి గుమ్మం దాకా వెదుళ్ళతో పందిరి వేయించాను. అది సొరపాదుకి. నిజం చెప్పాలంటే ఈ తోటంతా ఆ ఒక్క పాదు కోసమే. మిగతావి దానికి తోడు.

అది మా అమ్మ సొర. బజార్లో దొరికే పొడుగు కాయ కాదు. గుండ్రంగా, మెడ పొట్టిగా ఉంటుంది. పాలు పోసి వండితే అన్నంలో కరిగిపోతుంది. మైలవరంలో అమ్మ ఏటా ఒక కాయని కోయకుండా విత్తనానికి వదిలేది. అమ్మ పోయిన ఎండాకాలం, నీళ్ళు పోసే దిక్కు లేక అక్కడి పాదు ఎండిపోయింది. నా దగ్గరున్న గింజలన్నీ నాటితే ఒక్కటే బతికింది. దానికి కాసిన కాయల్లో ఒకదాన్ని తీగ మీదే ముదరనిచ్చి, ఎండాక వసారాలో కొక్కేనికి వేలాడదీశాను. కదిపితే లోపల గింజలు గలగలమనేవి.

గుంట తవ్వి, పశువుల ఎరువు కలిపి, చేతులు కడుక్కుని వసారాలోకి వెళ్తే కొక్కెం ఖాళీ!

"ఏవండీ, సొరకాయేదీ?"

మా ఆయన పేపరు దించనైనా దించలేదు. "మొన్నాదివారం కోతల పండక్కి ఇచ్చాగా. వేలంలో భలే పాట పలికిందిలే."

కోతల పండగనాడు మా చర్చిలో ప్రతి ఇంటివాళ్ళూ పొలంలోదో పెరట్లోదో ఒకటి తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ రోజు నాకు ఆసుపత్రిలో డ్యూటీ. ఈయనగారేమో సంఘ పెద్ద, వట్టి చేతులతో వెళ్తే పరువు పోదూ! ఎదురుగా కనబడిందాన్ని కొక్కెం నుంచి తీసుకుని పోయాడు. ఫోను చేతిలోనే ఉంటుంది కదా, నన్నొక్క మాట అడిగితే ఏం పోయింది?

"అది విత్తనాల కాయని తెలీదా మీకు?"

"ఎండిపోయింది కదా, ఇంక దేనికీ పనికిరాదనుకున్నా."

ఒళ్ళు మండిపోయింది. పనికిరాదనుకున్నదాన్ని పట్టుకెళ్ళి దేవుడికిచ్చాడట! గట్టిగా అరిచాను.

"దేవుడికిచ్చినదాని గురించి అలా అరవకూడదు," అన్నాడు.

"దేవుడు మొదటి పంట అడిగాడండీ. ఆఖరి విత్తనం అడగలేదు."

కాయని పాడుకున్నది మా చర్చికే వచ్చే రిటైర్డు టీచరుగారు. చీరైనా మార్చుకోకుండా ఆటో ఎక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

"రామ్మా రా, చూడు ఎంత బాగా వచ్చిందో!" అంది ఆవిడ సంబరంగా. వరండాలో వేలాడుతోంది అమ్మ సొరకాయ. పైన వార్నిష్, పక్కన చిల్లు, లోపల బల్బు.

"ఇందులో గింజలేవి టీచరుగారూ?"

"ఆ చెత్తా? మొన్నే మున్సిపాలిటీ బండిలో వేసేశానమ్మా. ఏం?"

ఏం లేదన్నాను. ఆవిడ తప్పేముంది! కాఫీ కలిపి ఇస్తే తాగలేక తాగాను.

సాయంత్రం మా ఆయన విత్తనాల షాపు నుంచి రంగురంగుల ప్యాకెట్టు తెచ్చాడు. "సొర సొరేగా," అన్నాడు. దాన్ని తీసి విసిరికొట్టాను. అమ్మ పోయినప్పుడు నలుగురి మధ్య గట్టిగా ఏడవలేకపోయాను. ఆ పూట ఆ గుంట పక్కన కూర్చుని, ఎవరు విన్నా సరేనని ఏడ్చాను.

బెండ మొలిచింది. గోరుచిక్కుడు మొలిచింది. తోటకూర ఒకసారి కోశాను కూడా. సొర గుంట మాత్రం అలాగే ఉంది. ఇంకో విత్తనం అందులో వెయ్యను.

నిన్న పొద్దున మా ఆయన స్కూటరు బయటికి తీస్తూ వట్టి వెదుళ్ళకేసి చూశాడు. "దీన్ని విప్పించేద్దామా? చూడ్డానికి బాగాలేదు," అన్నాడు మెల్లిగా.

"ఉండనివ్వండి," అన్నాను. "ఈ ఎండాకాలమంతా దాని కిందనుంచే వెళ్ళి రండి."