ఆకు కదలట్లేదండీ

మా ఎదురింటి బసవపున్నారావు గారికి గాలంటే భయం. విని నవ్వేవాళ్లు ముందు ఓసారి ఎండాకాలంలో మామిడితోట మధ్య నిలబడాలి. కాయ దిగే ముందు పడమటి నుంచి ఈదురుగాలి లేస్తే ఎలా ఉంటుందో చూసి రావాలి. ఆ తర్వాత కూడా నవ్వొస్తే నవ్వుకోవచ్చు. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. పక్కవాడి కష్టం చూసి 'ఓస్, ఇంతేనా' అనే జనాన్ని బస్సు నిండా మోశాను. ఆ మాటంటే నాకు ఒళ్లు మంట.

ఆయన తోట చింతలపూడి వెళ్లే దారిలో ఉంది. తండ్రి నాటిన చెట్లు, ఎక్కువగా బంగినపల్లి, కాసిని రసాలు. కొన్నేళ్ల కిందట ఓ సాయంత్రం గాలి లేచింది. ఆయన షెడ్డులో ఉన్నాడు. చుట్టూ కాయలు దబదబా రాలుతుంటే వింటూ నిలబడ్డాడు తప్ప చెయ్యగలిగిందేమీ లేదు. గాలి ఆగేసరికి పంటంతా నేలమీదే ఉంది. ఆ రోజు ఆయన కంట తడి పెట్టలేదు. మర్నాడు కూలీలను పిలిపించి కాయ ఏరించి, పనికొచ్చింది లారీకెక్కించాడు. గుండె నిబ్బరం ఉన్న మనిషని ఊరంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను.

ఆ నిబ్బరం మరుసటి ఏడు పూతలో బయటపడింది. చిన్న గాలి, కొబ్బరాకు ఊగేపాటిది. ఆయన తోటలో నడుస్తున్నవాడల్లా గుండె పట్టుకుని కూలబడ్డాడు. చెమటలు, చేతులు చల్లబడటం, ఊపిరందకపోవడం. గుండెపోటనుకుని విజయవాడ తీసుకెళ్లారు. పరీక్షలన్నీ చేసి గుండె నిక్షేపంలా ఉందన్నారు. మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లారు, మళ్లీ అదే మాట. చివరికి అక్కడి పెద్ద డాక్టరే ఆందోళనకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన భార్య వెంకాయమ్మ గారు వీధిలో మాత్రం 'నరాల డాక్టరు' అని చెప్పుకుంది. తోడు నేనూ వెళ్లాను.

ఆ డాక్టరు చిన్నవాడే కానీ మాట తిన్నగా ఉంది. "మీకు వచ్చేది నిజమైన బాధేనండీ, నటన కాదు," అన్నాడు ముందుగా. ఆ ఒక్క మాటకే పున్నారావు గారు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. "ఆ రోజు గాలి ఆగిపోయింది కానీ, మీ ఒళ్లు ఇంకా కాపలా కాస్తూనే ఉంది. ఆకు కదిలితే చాలు, ప్రమాదం అని కేకేస్తోంది. మీరు పారిపోకుండా కూర్చుంటే, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉంటే, ఆ దడ ఎక్కిన దారినే దిగుతుంది. గాలి సంగతి ఎవర్నీ అడక్కండి. ఫోన్లో వాతావరణం చూసుకోకండి. దురద పుడితే గోకడం హాయిగానే ఉంటుంది. తర్వాత పుండు పడుతుంది. ఇదీ అంతే."

తర్వాత వెంకాయమ్మ గారి వైపు తిరిగాడు. "అమ్మా, ఆయన భయపడి అడిగినప్పుడల్లా 'ఏం లేదు, అంతా బాగుంది' అని చెప్పకండి. పక్కన కూర్చోండి, చాలు. మెల్లగా తోటకి కూడా వెళ్లనివ్వండి."

ఆవిడ బుద్ధిగా తలూపింది. బయటికొచ్చి ఆటో ఎక్కగానే, "అడిగిన మనిషికి ధైర్యం చెప్పొద్దంటాడేంటండీ ఈయన? పెళ్లి కానట్టుంది," అంది నాతో. నాకు నవ్వొచ్చింది. అక్కడితో ఆవిడ మాట మర్చిపోయాను.

మందులు మొదలయ్యాయి. మకాం తోట దగ్గర నుంచి నూజివీడులో మా ఎదురుగా ఉన్న వాళ్ల ఇంటికి మారింది. తోటలో కాపలాకి సాంబయ్య, అతని భార్య రమణమ్మ ఉండిపోయారు. వాళ్లు ఆ తోటలో పాతకాపులు. పున్నారావు గారు మనుషుల్లో ఎవరినన్నా కళ్లు మూసుకుని నమ్మాడంటే అది సాంబయ్యనే.

అలా నమ్మబట్టే ఫోన్లు మొదలయ్యాయి. డాక్టరు ఎవర్నీ అడగవద్దన్నాడని నేను గుర్తు చేస్తే, "సాంబయ్య పరాయివాడా కండక్టరు గారూ," అనేవాడు. సాయంత్రం కాగానే వరండాలో కూర్చుని చేసేవాడు. "సాంబయ్యా, గాలెలా ఉంది?" అవతల నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు. "ఆకు కదలట్లేదండీ." ఆ మాట చెవిన పడితే ఆయన భుజాలు కిందికి దిగేవి, ముఖంలోకి నెత్తురొచ్చేది. వెంకాయమ్మ గారి వైపు చూసి నవ్వేవాడు. ఆవిడా నవ్వి అన్నం వడ్డించడానికి లేచేది. ఆ మాట వినకపోతే ముద్ద దిగేది కాదు.

మొదట్లో సాయంత్రం ఒక్కసారే అడిగేవాడు. పిందె పడ్డాక మధ్యాహ్నం కూడా అడగసాగాడు. కాయ ముదిరేసరికి మా వీధి వేపచెట్టు ఊగినా ఫోనే, ఊగకపోయినా ఫోనే. వినడానికి మాకు విసుగొచ్చేది కానీ సాంబయ్యకు వచ్చినట్టు లేదు. ఇక్కడ మా డాబా మీద బట్టలు ఎగిరిపోయే గాలి ఉన్నా అక్కడ ఆకు కదలదు. "మన తోట వైపు ఈ ఏడు దేవుడు చల్లగా చూస్తున్నాడు," అనేవాడు పున్నారావు గారు. వేసవి గాలి ఊరికో తీరు కాబట్టి నేనూ సరే అనుకున్నాను.

కాయ కోతకొచ్చే రోజుల్లో ఓ ఉదయం ఆయన తెల్ల చొక్కా తొడుక్కుని మా ఇంటికొచ్చాడు. "తోటకి వెళ్దాం పదండి. పూత తర్వాత నేను చూడనే లేదు. ఇన్నాళ్లూ ఆకు కదల్లేదు కదా, నిండు కాపు మీద చెట్టును ఒక్కసారి చూసుకోవాలనుంది," అన్నాడు. వెంకాయమ్మ గారు గుమ్మంలో నిలబడి ఎండన్నది, తల తిరుగుతుందన్నది, రేపన్నది. ముఖం పాలిపోయింది. భర్త మీద బెంగ అనుకున్నాను. ఆయన వినిపించుకోలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. గాలి ముఖానికి కొడుతున్నా అద్దం వెయ్యనివ్వలేదు. ఓచోట చెయ్యి వణికింది. డాక్టరు చెప్పినట్టు ఊపిరి నెమ్మదిగా వదులుతూ, ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి వణుకు తగ్గింది. నా వైపు చూసి, "దిగిందండీ. దానంతటదే దిగింది," అన్నాడు పరీక్ష పాసైన కుర్రాడిలా. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

తోట గేటు దాటగానే పుల్లటి వాసన. షెడ్డు ముందు టార్పాలిన్ల మీద, పాత చీరల మీద, చివరికి రేకుల కప్పు మీద కూడా ఒరుగులు ఎండుతున్నాయి. పచ్చిమామిడి ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి ఎండలో పోస్తే అవే ఒరుగులు. ఆ తోటలో పెద్దాయన కాలం నుంచి ఒక పద్ధతుంది. చెట్టు మీద కాయ రైతుది, గాలికి రాలిన పచ్చికాయ కాపలావాళ్లది. అందుకే ఏటా రమణమ్మ ఒక చాపెడు ఒరుగులు పోస్తుంది. ఈసారి కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఇన్ని కాయలెక్కడివి రమణమ్మా?" అన్నాడు పున్నారావు గారు.

ఆమె కత్తిపీట ముందు నుంచి లేచి, "రాలినయ్యేనండీ," అంది. "ఈ ఏడు గాలి మా చెడ్డగా ఉంది కదండీ."

ఆయన తలెత్తి చెట్ల వైపు చూశాడు. నేనూ చూశాను. చిటారు కొమ్మలు ఖాళీగా ఉన్నాయి. లోపలి కొమ్మలకు మాత్రం కాయ నిలిచింది. సాంబయ్య బోరు దగ్గర నుంచి వస్తూ మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"సాంబయ్యా, మీ ఆవిడ గాలంటోంది. నువ్వు నాకు ఆకు కదల్లేదని చెప్పావు. మరి రాలడమేంటి? కోసుకున్నారా?"

సాంబయ్య తల వంచుకున్నాడు.

"కంచే చేను మేస్తే నేనింకెవరికి చెప్పుకోను? నమ్మి తోట వదిలేస్తే దొంగతనం చేస్తావా?"

పున్నారావు గారు అంత మాట అనే మనిషి కాదు. కానీ ఆ క్షణాన ఆయనకు రెండే దారులు. సాంబయ్య దొంగన్నా కావాలి, సాంబయ్య మాటన్నా అబద్ధం కావాలి. తనను బతికిస్తున్న మాటను కాపాడుకోవడానికి ఆయన మనిషిని దొంగను చేశాడు.

రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాంబయ్య తలెత్తాడు. గొంతు పెద్దది చెయ్యలేదు.

"నోటితో అబద్ధం చెప్పానండీ. చేత్తో మాత్రం మీ చెట్టు కాయ ముట్టుకోలేదు. అమ్మగారు చెప్పమన్నారు. గాలి ఉందని చెబితే మీ అయ్యగారు పోతారు, ఆ పాపం నీదే అవుతుందన్నారు. అందుకని ఏ రోజు అడిగినా అదే చెప్పానండీ. కొమ్మలు విరిగి నా మీద పడుతున్నా అదే చెప్పాను."

పున్నారావు గారు నులక మంచం మీద కూర్చున్నాడు. ఇప్పుడొస్తుంది దడ అని నేను మంచినీళ్ల కోసం చూశాను. రాలేదు. ఎంత కాయ పోయిందని కూడా ఆయన అడగలేదు. "ఒక్కటి చెప్పు. ఏ రోజుల్లో నిజం చెప్పావు?" అన్నాడు.

సాంబయ్య ఆలోచించాడు. "కొన్ని రోజులు నిజంగానే కదల్లేదండీ. అవి ఏ రోజులో నాకు గుర్తు లేదు."

ఆ జవాబు నన్ను కూడా కోసింది. ఆయన హాయిగా అన్నం తిన్న సాయంత్రాల్లో ఏది నిజమైందో, ఏది వడ్డించిన అబద్ధమో ఇక తేల్చేవాడు లేడు.

మేం తిరిగొస్తుంటే సాంబయ్య గేటు దాకా వచ్చాడు. "దొంగ అన్నాక ఇక్కడ ఉండలేనండీ. కాయ దిగేదాకా ఉంటాను, మధ్యలో వదిలేస్తే నాది తప్పవుతుంది. ఈలోగా మీరు అడిగితే ఉన్నది ఉన్నట్టే చెప్తాను," అన్నాడు. ఇద్దరూ దెబ్బతిన్నవాళ్లే. ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక వెంకాయమ్మ గారు దాచలేదు. "మీరు ముద్ద తినాలని చేశానండీ. మీరు గుండె పట్టుకుని పడిపోయినప్పుడల్లా ఒళ్లో తల పెట్టుకుని కూర్చున్నది నేను. డాక్టరుకేం, ఊరుకోమంటాడు. ఊరుకుని చూడమనండి," అంది. ఆవిడ కష్టం అబద్ధం కాదు. అయినా ఆ పూట నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది.

ఆయన కోప్పడలేదు. "నేను ఫోన్ పెట్టేసి నీ వైపు చూసి నవ్వేవాణ్ణి వెంకాయమ్మా. నువ్వూ నవ్వేదానివి," అన్నాడు. అంతే. ఆవిడ ఏడుస్తుంటే లేచి వరండాలోకి వచ్చేశాడు. ఆ తర్వాత ఫోన్లు మానేశాడు. గాలి లేస్తే కుర్చీ చేతులు పట్టుకుని, ఊపిరి వదులుతూ కూర్చునేవాడు. డాక్టరు చెప్పిన పని చివరికి అలా జరిగింది. మనిషి ఒప్పుకుని కాదు, అడగడానికి ఎవరూ మిగలక.

కోత ముగియబోతుండగా ఓ సాయంత్రం నేను వాళ్ల వరండాలో ఉన్నాను. పడమట మబ్బు పట్టింది. చూస్తుండగానే దుమ్ము లేచింది, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, వేపచెట్టు నేలకు వంగి లేచింది. పున్నారావు గారి నుదురు తడిసింది. ఫోన్ తీశాడు.

"సాంబయ్యా, గాలెలా ఉంది?"

అవతలి మాట నాకూ వినిపించింది. "ఉందండీ. గట్టిగానే ఉంది. పడమటి వైపు మిగిలిన కాయ రాలతా ఉంది."

ఫోన్ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. కాయలు నేలను తాకే చప్పుడు అందులోంచి వస్తోంది. ఆయన పెట్టెయ్యలేదు. కళ్లు మూసుకుని, ఊపిరి వదులుతూ విన్నాడు. కొంతసేపటికి చెయ్యి కుదురుకుంది.

"కాయ పోతే పోనీ. నువ్వు చెట్ల కింద ఉండకు, షెడ్డులోకి వెళ్లు. ఆ రోజు నిన్ను ఆ మాట అన్నాను, అది తప్పు," అన్నాడు.

"వెళ్తానండీ," అన్నాడు సాంబయ్య.

వెంకాయమ్మ గారు లోపలి నుంచి గబగబా వచ్చింది. జుట్టు చెదిరింది. వెనకింట్లో ఎక్కడో రేకు ఎగిరి పడిన చప్పుడైంది. "ఏమన్నాడండీ సాంబయ్య?" అంది.

ఆయన ఆవిడ వైపు చూసి, మునుపటిలాగే నవ్వాడు.

"ఆకు కదలట్లేదంట."

దుమ్ము ఇద్దరి మధ్యలోంచి ఇంట్లోకి పోతోంది. ఆవిడ చెదిరిన జుట్టు ముడేసుకుంది. తర్వాత, "మంచిదండీ," అని అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది.