ఈసుకుపోయే ఆవులూ, మా పశువుల డాక్టరూ

మా పశువుల డాక్టరు గారు పోయారంట. మాచర్ల సంత నుంచి వచ్చిన మా మరిది బండి దిగకుండానే ఆ మాట చెప్పాడు. చేతిలో చేట అట్టాగే పట్టుకుని నిలబడిపోయా. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చినా ఏం కబురు తెచ్చారోనని దడ నాకు. ఈ ఒక్క కబురుకే భయపడటం మరిచా.

బైబిలు కూడబలుక్కుని చదివేంత చదువు నాది. తప్పులుంటే సర్దుకోండి. రాయకుండా ఊరుకోలేక రాస్తన్నా.

యుద్ధం నడిచే రోజుల్లో ఆయన మా పల్లెలకు వచ్చారు. అప్పుడు చూడి ఆవులు నెలలు నిండకముందే ఈసుకుపోయేవి. ఒక కొట్టంలో మొదలైతే వీధంతా పాకేది. ఆయన ఊరూరా తిరిగి, గొడ్ల మెడలో సూది గుచ్చి నెత్తురు తీసి, గాజు బుడ్లలో మద్రాసుకు పంపేవారు.

"ఏంది డాక్టరయ్యా, మా గొడ్ల నెత్తురు తెల్ల సిపాయిలకి ఎక్కిస్తన్నారంటగా?" అని మా వదిన నిలేసింది.

"ఎక్కిస్తే గడ్డి మేస్తారు లేమ్మా, మనకు రేషను మిగులుద్ది," అన్నారాయన, నవ్వకుండా.

"మందేదన్నా ఉందా బాబూ?" అని నేనడిగా.

"లేదమ్మా. ఈ రోగం ఒంగోలు దిక్కున ఎంతుంది, మన పల్నాట్లో ఎంతుంది, కృష్ణ అవతల ఎంతుంది, ముందు ఈ నెత్తురుతో అది తెలియాలి. తెలిస్తే రోగమున్న చోటి గొడ్డు మంచి చోటికి పోకుండా ఆపొచ్చు."

మా ఎర్రావు ఈసుకుపోయిన నాడు, అడ్డం తిరిగిన చచ్చిన దూడను ఆయనే వట్టి చేతుల్తో లాగారు. దూడ వెనక పడిన మాయను మేడికొమ్మకు వేలాడగట్టబోతే ఆపారు. పాలుగారే చెట్టుకు కడితే ఆవుకు పాలు పడతాయని మా అత్తల నాటి ఆచారం.

"అది కారి గడ్డి మీద పడుద్ది, ఆ గడ్డి ఇంకో చూడావు తింటది. గుంట తీసి, సున్నం పోసి పూడ్చమ్మా," అని చోటు కూడా చూపించారు. పాలిస్తే, "కాచావా?" అని అడిగి గాని తాగేవారు కాదు.

తరువాతి ఏడు ఆయనకు జ్వరం పట్టుకుంది. మాపటికి ఒళ్లు కాగడం, తెల్లారేసరికి చెమటలు. తగ్గిందనుకుంటే మళ్లీ వచ్చేది. నడుము పట్టుకుని సైకిలు దిగేవారు. ఆవులు ఈసుకుపోయే ఆ రోగమే మనుషులకూ అంటి ఇట్టా జ్వరంగా వస్తదని ఆయన నోటనే విన్నా. ఇక నాకు అన్నం సయించలేదు.

"మా కొట్టంలోనే అంటిందా బాబూ?"

"కాదమ్మా, మీ ఊరు రాకముందే ఉంది."

నిజమే చెప్పారో, నా భయం చూసి అట్టా అన్నారో. ఇప్పుడు మళ్లీ అడగటానికి మనిషి లేడు.

ఎర్రావు మళ్లీ చూడి కట్టింది. ఈసారీ ఈసుకుపోతే కటికోడికి తోలడం తప్ప మాకు దారి లేదు. ఆయన వచ్చినప్పుడల్లా దాని వీపు నిమిరి, "నిలబెడుద్దిలే," అనేవారు. నేను ప్రార్థన చేసుకుని కూడా, మనసాగక కొట్టంలోకి పోయి చూసుకునేదాన్ని.

ఆయన పోయిన కబురొచ్చిన వారంలోనే ఎర్రావు ఈనింది. పెయ్యదూడ. బతికే ఉంది.

వదిన వచ్చి, "ఏమే, బతికిన దూడ మాయ గూడా పూడుస్తావా ఏంది? పాలెట్ట పడతాయే?" అంది.

నేను పార అందుకున్నా. ఆయన చూపించిన చోటే పూడ్చి, సున్నపు చేతుల్తో లేచి నిలబడ్డా. మేడికొమ్మకు మా అత్త ఎప్పుడో కట్టిన తాడు ఖాళీగా, గాలికి ఊగుతా ఉంది.