‘బావ’ అన్న మాట రికార్డుకెక్కిన విధం

కరోనాకు ముందు ఏడాది, వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన వారంలో, నన్ను విశాఖపట్నంలోని ఒక మేజిస్ట్రేటు కోర్టుకు సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వేశారు. పోలీసులు దర్యాప్తు చేసి చార్జిషీటు దాఖలు చేస్తారు. ప్రభుత్వం తరఫున ఆ కేసు నడపడం ప్రాసిక్యూటరు పని. హత్య లాంటి నేరాలు సెషన్స్ కోర్టుకు పోతాయి. ఎవరి నిర్లక్ష్యం వల్లనైనా మనిషి చనిపోతే అది మేజిస్ట్రేటు దగ్గరే తేలిపోతుంది. చట్టం దృష్టిలో అది చిన్న నేరం. చచ్చిపోయినవాడికి ఆ తేడా తెలియదు.

నాకు అప్పగించిన కేసుల్లో ఒకటి పెందుర్తి దారిలోని ఇనుప గోదాముది. ట్రెయిలరు నుంచి క్రేనుతో ఊచల కట్ట దించుతుంటే వైరు తాడు తెగి, కింద ఉన్న అప్పన్న అనే కూలీ చనిపోయాడు. తాడు పోగులు విడిపోతున్నాయని పొద్దున్నే చెప్పినా వినకుండా పని చేయించాడని గోదాము మేనేజరు మీద అభియోగం. అక్కడి కూలీలంతా బోనెక్కి, తామేమీ చూడలేదన్నారు. ఇలా తిరగబడిన సాక్షిని మేం హోస్టైల్ అంటాం. వాళ్లను తప్పుపట్టలేను. మర్నాడు మళ్లీ అదే మేనేజరు కింద పనిలోకి దిగాలి.

ఇక మిగిలింది మస్తాన్ ఒక్కడు. పాత పట్నంలో వెల్డింగు షాపు అతనిది. ప్రమాదం నాటికి గోదాము గేటు అతికే పని మీద కొన్నాళ్లుగా అక్కడికి వస్తున్నాడు. మేనేజరు అతనికి యజమాని కాడు, అప్పన్న చుట్టం కాడు. అలాంటివాడిని స్వతంత్ర సాక్షి అంటారు. కేసు మొత్తం అతని నోటి మీద నిలబడింది.

అప్పన్న తల్లి నరసమ్మ ప్రతి వాయిదాకీ వచ్చేది. ఆ మేనేజరుకు శిక్ష పడితే సింహాచలంలో తలనీలాలిస్తానని మొక్కుకుందట. మొక్కులతో కేసులు గెలవవనీ, సాక్ష్యాన్ని నమ్ముకోమనీ ఆమెకు చెప్పాను. నేను నమ్మినదే చెప్పాను.

మస్తాన్ తడబడకుండా చెప్పాడు. తాడు సంగతి మేనేజరుకు చెప్పింది తనేననీ, “ఈ పూటకి కానీవోయ్” అని అతను కొట్టిపారేశాడనీ చెప్పాడు. తర్వాత క్రాసు, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలు. ఆయనది ఈ ఊరే. క్యాంటీన్లో టీ పోసేవాడి దగ్గర్నుంచి బార్ అధ్యక్షుడి దాకా అందర్నీ బావా అని పిలిచే మనిషి.

“తాడు తెగినప్పుడు ఏటని అరిసేవు?” అని మొదలుపెట్టాడు.

“తప్పుకో బావా, తప్పుకో బావా అని అరిసినానండి.”

“అయితే అప్పన్న నీకు బావన్నమాట.”

“బావేనండి. మంచోడండి పాపం.”

లాయరు కూర్చున్నాడు. ఇంకేమీ అడగలేదు.

అప్పటి మేజిస్ట్రేటు సీమ నుంచి వచ్చిన యువకుడు. ఆయనకు తెలిసి బావ అంటే అక్క మొగుడో, మేనత్త కొడుకో. ‘మృతుడు నాకు బ్రదరిన్లా అవుతాడు’ అని ఇంగ్లీషులో టైపిస్టుకు చెప్పారు. నేను వెంటనే లేచి, తిరిగి ప్రశ్నించే హక్కు వాడుకున్నాను. అప్పన్న నీకు చుట్టమా అని అడిగాను.

“సుట్టమేటండి బాబూ! ఆడు అప్పన్న, నాను మస్తాన్ని. పేర్లు సూడండి. మా ఊల్లో మనిసిని బావా అనకపోతే ఏటని పిలుత్తాం?”

కోర్టు హాలంతా నవ్వింది. మేజిస్ట్రేటూ నవ్వారు. రికార్డులోకి మాత్రం ‘మృతుణ్ణి తాను అలా పిలుస్తానని సాక్షి అంటున్నాడు’ అన్న ఒక్క వాక్యం ఎక్కింది. అడుగున, ‘చదివి వినిపించగా సరి అని ఒప్పుకొన్నాడు’ అని ముందే అచ్చయి ఉన్న వరుస కింద మస్తాన్ సంతకం పెట్టాడు. అందులో ఏముందో అతనికి తెలియదు. నిజం తప్ప చెప్పనని సాక్షి చేత దేవుడి మీద ప్రమాణం చేయిస్తాం. రాసేవాళ్ల చేత ఏ ప్రమాణమూ చేయించం.

తర్వాత కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి. తెరిచేసరికి ఆ మేజిస్ట్రేటుకు బదిలీ అయింది. సాక్ష్యం విన్నవారే తీర్పు చెప్పాలన్న నియమం మాకు లేదు. కొత్తగా వచ్చినవారు కాగితం చదివి చెప్పవచ్చు. మస్తాన్ని మళ్లీ పిలిపించమని పిటిషను వేశాను. ప్రాసిక్యూషన్ తన లోపాన్ని పూడ్చుకోజూస్తోందని కొట్టేశారు. వాదనల్లో ఇద్దరి మతాలూ వేరని చెప్పాను. “ప్రేమ పెళ్లిళ్లు జరగని రోజులా ఇవి, సార్?” అని లాయరు మేజిస్ట్రేటునే అడిగాడు. తను ఏం చేస్తున్నాడో అతనికి పూర్తిగా తెలుసు.

తీర్పు వచ్చింది. పోలీసుల దగ్గర బంధుత్వం లేదన్న సాక్షి కోర్టులో ఉందని ఒప్పుకొన్నాడట, ప్రాసిక్యూటరు లేచి మళ్లీ అడిగాక మాట మార్చాడట, కాబట్టి నమ్మదగినవాడు కాడట. మేనేజరు నిర్దోషి. తెగిన తాడు గురించి తీర్పులో ఒక్క ముక్క లేదు.

బయట వరండాలో నరసమ్మకు తీర్పు వివరిస్తున్నాను.

“నా కొడుక్కి అప్పచెల్లెల్లే లేరు కదండీ, బావెలాగొత్తాడండీ?” అంది.

అంతలోనే లాయరు కోటు భుజాన వేసుకుని పక్కనుంచి పోతూ నా వీపు తట్టాడు.

“ఏటి బావా, మొకం అలాగెట్టేవు? టీ తాగుదాం రా!”

నరసమ్మ అతను మెట్లు దిగేదాకా చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

“ఆ బాబు మీకు సుట్టమాండీ?”

ఆమె పుట్టి పెరిగింది ఈ నేల మీదే. ఆ పిలుపుకు అర్థం తెలియక అడగలేదు. ఒక్క గంట ముందు కోర్టు రాసిచ్చిన అర్థంతోనే అడిగింది. కాదని చెప్పాను. సరేనని తలూపింది, మస్తాన్ మాటను కోర్టు నమ్మకుండానే రాసుకున్నట్టే.

అప్పీలు చేయాలని పైకి రాశాను. ఏకైక సాక్షి నమ్మదగినవాడు కానందున తగదని జవాబొచ్చింది. తప్పు ఏ కాగితంలో ఉందో, ఆ కాగితాన్నే చూసి తేల్చారు.

ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్లూ, సాక్షి బోనెక్కగానే నా మొదటి ప్రశ్న ఒకటే: ఎవర్ని ఏమని పిలుస్తావు, ఎందుకలా పిలుస్తావు? జవాబును సాక్షి మాటల్లోనే, తెలుగులోనే రాయమని పట్టుబట్టేవాణ్ణి. కోర్టు సమయం వృథా చేస్తున్నానని కొందరు మేజిస్ట్రేట్లు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను. మనిషి మాటను మనిషి మాటగా రాసుకోని కోర్టు విచారించేది తన కాగితాన్నే. దాని ముందు నిజం చెప్పడం ఒక్కటే సరిపోదు.