గ్రీజుతో అంటించిన బోల్టు తల

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అదేదో ముచ్చటైన గుణమైనట్టు నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ కోపం వల్లే మా బావకి చేతిదాకా వచ్చిన పని పోయింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బావంటే మా అక్క భర్త; నన్నూ ఆయన బావా అనే పిలుస్తాడు. పాతికేళ్ళు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరుగా చేశాడు. కాంట్రాక్టు చేతులు మారింది, కొత్తవాడు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు, యాభై రెండేళ్ళ బావ గాజువాకలో ఇంట్లో కూర్చున్నాడు. కూర్చుంటే ఆయనకి ఊపిరాడదు. ఇంట్లో కుళాయిలు, తలుపు గొళ్ళేలు, మిక్సీ, పక్కింటివాళ్ళ మిక్సీ అన్నీ బాగుచేసేశాడు. ఇంకేమీ దొరక్క, శుభ్రంగా తిరుగుతున్న ఫ్యాను విప్పి మళ్ళీ బిగించేవాడు. అది చూసి అక్క వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

ఆటోనగర్‌లో నా చిన్ననాటి క్లాస్‌మేట్‌కి కార్ల షెడ్డు ఉంది. బావ సంగతి వాడికి చెప్పాను.

"నీ డొక్కు బండి నీళ్ళు కారతన్నాదన్నావు కదరా, అదే తీసుకురా. మీ బావ సేత వాటర్ పంపు మార్పిద్దాం. సెయ్యి సూసి పనిలో పెట్టుకుంటాను," అన్నాడు.

న్యాయమైన మాటే. నా కారుకి పదహారేళ్ళు. సీతమ్మధారలో మా గేటు ముందు దాని కింద రోజూ చెంబెడు నీళ్ళు మడుగు కట్టేవి.

ఆ రోజు బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. షెడ్డులోకి రాగానే దాన్ని విప్పి మేకుకి తగిలించి, బనీనుతో పనిలోకి దిగాడు. అక్క పొద్దున్నే ఫోను చేసింది. "తమ్ముడా, దగ్గరుండి సూసుకో. ఈ పని దొరక్కపోతే ఈ మనిషి నాకు దక్కడ్రా," అంది. అందుకే ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి దగ్గరున్నాను. లేకపోయినా బాగుండేది.

పంపుకి నాలుగు బోల్టులు. మూడు మర్యాదగా వచ్చాయి, నాలుగోది కదల్లేదు. మా ఊరి సముద్రపు గాలికి పాత బళ్ళలో ఇది మామూలే. బావ స్పానర్ పెట్టి కొద్దిగా ఊపి చూసి వదిలేశాడు.

"ఇది ఇప్పుడు రాదు బావా. ఏడి సేసి కొవ్వొత్తి రాయాల. మైనం మరల్లోకి దిగితే అదే వచ్చేత్తాది," అన్నాడు.

"ఎంతసేపు పడుతుంది?"

"దానికెంతసేపు కావాలంటే అంతసేపు. బోల్టు మీద కోపం సూపకూడదు."

షెడ్డు ఓనరు భోజనానికి వెళ్ళాడు. బావ కొవ్వొత్తి కోసం రోడ్డు మీది కొట్టుకి నడిచాడు. నేనేమో రెండింటికల్లా ఆఫీసులో ఉండాలి. కొవ్వొత్తి ఏమిటి నా మొహం! పంపు గంటలో మారిపోతే ఓనరు బావని మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు. విసుగొచ్చింది, అంతే. స్పానర్ తగిలించి, మూలనున్న ఇనప పైపు దానికి తొడిగి, బరువంతా వేసి లాగాను.

టక్‌మంది.

బోల్టు తల తెగి కింద పడింది. మిగతాది లోపలే ఉండిపోయింది. ఆ క్షణాన బావ ఎదురుగా వచ్చుంటే చెప్పేసేవాణ్ణేమో. రాలేదు. డబ్బాలోంచి వేలెడు గ్రీజు తీసి, తెగినచోట పూసి, తలని తిరిగి దాని చోట అంటించాను. పైపుని మళ్ళీ మూలన పెట్టేశాను. చేతులు తుడుచుకున్నాను. పెళ్ళీడుకొచ్చిన కూతురున్న మగాడు చేసిన పని అది. థూ!

బావ, ఓనరు కలిసే వచ్చారు. బావ కొవ్వొత్తి పక్కన పెట్టి, వేడి చేసేముందు మరోసారి చూద్దామని స్పానర్ తగిలించాడు. తల ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

"ఏటి గురూ, ఇరగ్గొట్టీసేవేటి?" అన్నాడు ఓనరు.

బావ తలని తిప్పి, తెగినచోట బొటనవేలితో రాసి చూశాడు. తర్వాత ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా రేడియేటర్‌ని చూస్తూ నిలబడ్డాను.

"ఇరిగిపోనాది బాబూ," అన్నాడు చివరికి. "ఇరగ్గొట్టినోడే తియ్యాలని మా ఫిట్టర్ల రూలు. నాను తీత్తాను."

పంపు ఊడదీశాడు. బయటికి కనిపిస్తున్న ముక్కకి చిన్న నట్టు వెల్డింగ్ చేశాడు. అది ఎర్రగా ఉండగానే కొవ్వొత్తి ఆనించాడు. చల్లారాక ఒక పిసరు ముందుకి, ఒక పిసరు వెనక్కి తిప్పాడు. మళ్ళీ వేడి, మళ్ళీ మైనం. సాయంత్రం నాలుగు దాటాక ముక్క చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. కొత్త బోల్టు వేసి పంపు బిగించాడు. ఒక్క చుక్క కారలేదు. ఏ ఆఫీసు కోసం తొందరపడ్డానో ఆ ఆఫీసుకి నేను ఆ రోజు వెళ్ళనేలేదు.

ఓనరు నన్ను పక్కకి పిలిచాడు. "పని తెలిసినోడే రా. కానీ సెయ్యి మోటు. కస్టమర్ల బళ్ళు ఇలా ఇరగ్గొడితే నాను షెడ్డు మూసుకోవాల. నీ మాటేటి, పెట్టుకోమంటావా?"

ఒక్క మాట చాలు. 'విరగ్గొట్టింది నేను రా' అంటే వాడు రెండు బూతులు తిట్టి, మర్నాడే బావని పనిలోకి రమ్మనేవాడు. మాట నోటిదాకా వచ్చింది. అవతల బావ మేకు మీది చొక్కా తీసి తొడుక్కుంటున్నాడు. ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు.

"నీ ఇష్టం రా," అన్నాను.

గాజువాకలో దింపడానికి వెళ్తే అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. "కుదర్లేదే," అన్నాడు బావ, చెప్పులు విప్పుతూ. పని దొరుకుతుందని అక్క ఆ పూట చేపల పులుసు పెట్టింది. సిగ్గులేని జన్మ నాది, రెండోసారి అన్నం పెట్టించుకుని మరీ తిన్నాను.

ఆ తర్వాత బావ ఇంకే షెడ్డు మెట్లూ ఎక్కలేదు. ఎవరో చెబితే మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర సెక్యూరిటీగా చేరాడు. నేను అటువైపు వెళ్ళే పని రాకుండా చూసుకుంటూ వచ్చాను. పోయిన నెల తప్పలేదు, మా ఆఫీసరు గృహప్రవేశం ఆ అపార్ట్‌మెంట్‌లోనే. కారు గేటు దగ్గర ఆపాను. వదులైన నీలం యూనిఫాంలో, చంకలో రిజిస్టరుతో బావ వచ్చాడు.

"ఓలమ్మా, నువ్వా బావా! ఇంకా ఈ బండేనా? నీళ్ళు కారతన్నాదేటి?"

"లేదు బావా. ఒక్క చుక్క కూడా లేదు."

"కారదు." బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. "ఆ కొత్త బోల్టుకి నూనె రాసి బిగించేను. ఎప్పుడైనా తియ్యాల్సొత్తే సులువుగా వచ్చేత్తాది." తర్వాత నా వైపు చూశాడు, ఆ రోజు షెడ్డులో చూసినట్టే. "ఈసారి పైపెయ్యక్కర్లేదు."

పైపు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను పైపు వేసినప్పుడు షెడ్డులో ఇంకెవరూ లేరు.

నా పేరు, బండి నంబరు తనే రిజిస్టర్లో రాసి గేటు తెరిచాడు. కారు అద్దం దింపే ఉంది. ఆయన చెయ్యి నా చేతికందే దూరంలో ఉంది. వెనక బండివాడు హారన్ కొట్టాడు. నేను గేరు వేసి లోపలికి వెళ్ళిపోయాను.