దొడ్డుప్పు పోసిన సముద్రం

ఆ రోజుల్లో మా ఊరికి సముద్రం ఉండేది. (భూగోళం పుస్తకం తెరవకండి. కొడిమ్యాల వైపు అడవి అంచున ఉన్న పల్లెకు సముద్రమేమిటని ఆ పుస్తకం రాసినవాళ్ళు నవ్వుతారు. వాళ్ళు మా ఊరు చూడలేదు కదా.) గుట్టల మధ్య కట్ట వేసి ఆపిన ప్రాజెక్టు నీళ్ళవి. పొద్దున మంచు పడితే అవతలి ఒడ్డు కనిపించేది కాదు. అవతలి ఒడ్డు కనిపించనిది సముద్రం కాక ఇంకేమిటి? సముద్రానికి ఆటుపోట్లు ఉంటాయని బడిలో చెప్పారు. మాదానికీ ఉండేవి. ఎండాకాలమంతా ఆటు, వానాకాలమంతా పోటు.

నీళ్ళకు ఇవతల మా ఇళ్ళు, ఇళ్ళ వెనక అడవి. వేసవి సెలవుల్లో నేనూ గునుగూ (పక్కింటి పిల్ల, సన్నగా పొడుగ్గా, నెత్తి మీద బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వులా లేచిన జుట్టుతో ఉండేది కాబట్టి ఆ పేరు) తునికి పండ్లు, మొర్రి పండ్లు ఒళ్ళో నింపుకుని ఒడ్డున కూర్చునేవాళ్ళం. ఎవరి గింజ నీళ్ళలో ఎక్కువ దూరం పడుతుందో చూడటమే మా పని. నాకు మనుషుల ముందు నోరు లేచేది కాదు. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికే పలుకు నాకే వినిపించేది కాదు, సారు చాలాసార్లు రాలేదనే రాసుకునేవారు. అడవిలో మాత్రం నా మాటలకు గునుగు చెవులు మూసుకునేది.

ఆ వేసవిలో మస్కట్ నుంచి మా పెద్దబాపు (బాపుకు అన్న) సెలవు మీద వచ్చాడు. కోరుట్లలో కొత్తగా ఇల్లు కట్టించాడు. నన్ను అక్కడ పెద్దమ్మ దగ్గర ఉంచి ఇంగ్లీషు బడిలో చదివిస్తానని మాట తెచ్చాడు. మా బాపు అప్పటికే తల ఊపేశాడు. నన్ను అడగడం ఊరికే మర్యాదకు.

“ఏం బిడ్డా, కోరుట్లకు అస్తవా?”

“రాను.”

“ఎందుకు రావు?”

“ఆడ అడవి లేదు, సముద్రం లేదు.”

అందరూ ఒక్కసారి నవ్వారు. బీడీలు చుడుతున్న బాపమ్మ (బాపు వాళ్ళమ్మ) చేతిలోని ఆకు ఒళ్ళో పడిపోయింది. “ఓయమ్మో, దీనికి నోరున్నదని గియ్యాల్నే ఎరుకైంది!”

పెద్దబాపు కళ్ళు తుడుచుకున్నాడు. “నేను ఇన్నేండ్ల సంది సముద్రం పక్కకే బతుకుతున్న. సముద్రమంటే ఉప్పగుంటది బిడ్డా. మీ నీళ్ళు ఉప్పగున్నయని సూపియ్యి, నిన్ను ఈణ్ణే ఇడిసిపెడ్త.”

“ఒట్టా?”

“ఒట్టు. రేపు పొద్దుగాల అస్త, సూపియ్యి.”

ఆయన పరాచికానికి అన్నాడు. నేను అలా అనుకోలేదు. మామిడికాయ తొక్కు పెట్టడానికి తెచ్చిన దొడ్డుప్పు బస్తా వంటింటి మూలన ఉంది. తెల్లవారకముందే నేనూ గునుగూ దాన్ని చెరో కొస పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకుపోయాం. నీళ్ళు వెనక్కి తగ్గుతూ బండల మధ్య ఒక మడుగును వదిలిపెట్టాయి. అందులో ఉప్పు కుమ్మరించి మోదుగ కట్టెతో కలిపాం. గునుగు రుచి చూసి, ముఖం వంకర్లు తిప్పి, “పక్కా సముద్రమే!” అంది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అలల నీళ్ళు ఎండిపోతే ఉప్పు మిగులుతుందని నేను పుస్తకంలో చదివాను. కాబట్టి మిగిలిన ఉప్పును చుట్టూ బండల మీద అందంగా చల్లాను. (పుస్తకాలు చదివేవాళ్ళతో వచ్చే చిక్కే ఇది. ఎక్కడ ఆపాలో తెలియదు.)

పెద్దబాపు తెల్ల చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని బాపుతో వచ్చాడు. “ఈణ్ణే నాకి సూడు,” అని మడుగు చూపించాను. నవ్వుతూ వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ముంచాడు. “అరే, ఉప్పగనే ఉన్నదిరా తమ్మీ!”

సరిగ్గా అప్పుడే అడవిలోంచి గంటల చప్పుడు వచ్చింది. మా వైపు గొర్ల కాపర్లు మందకు ఉప్పు పెట్టేది బండల మీదే. ఊళ్ళో నడక నేర్చిన ప్రతి పిల్లకూ ఇది తెలుసు. నాకూ తెలుసు. ఆ ఒక్క పొద్దున మాత్రం గుర్తుకు రాలేదు. మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ మా సముద్రం మీద పడింది. వెనకాల గొర్ల తాత కర్ర ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. “హేయ్, హేయ్! నేనింకా ఉప్పు పెట్టనే లేదు, యాడికి ఉరుకుతున్నయే మీ నోట్ల మన్నువడ!” ఒక పొట్టేలు పెద్దబాపు మోకాళ్ళ వెనక తగిలింది. ఆయన మడుగులో కూలబడ్డాడు. లేచేలోపే ఒక గొర్రె ఆయన తడి చొక్కాను ప్రేమగా నాకడం మొదలుపెట్టింది.

గునుగు మాయమైపోయింది. బాపు నా వైపు తిరిగాడు. “ఉప్పు పోసినవా?”

ఈసారి నా పలుకు, ఎందుకో, నాకు బాగానే వినిపించింది. “పోసిన. ఉప్పగుంటే ఇడిసిపెడ్తనని పెద్దబాపే అనె. ఉప్పు ఎవలు పొయ్యాల్నో చెప్పకపాయె.”

బాపు చెయ్యి లేచింది. మడుగులోంచి పెద్దబాపు, “ఆగురా!” అన్నాడు. గొర్రె మెడ పట్టుకుని పక్కకు తోసి, లేవకుండా అలాగే కూర్చున్నాడు. “ఇన్నేండ్లు సముద్రం పక్కకున్న గని, ఒక్కనాడు కాలు తడుపుకోలేదురా. డ్యూటీ బస్సు కిటికీలకెంచి సూసుడే. గియ్యాల నడుము దాక దిగిన.” నీళ్ళ మీద అరచెయ్యి కొట్టి, “మాటంటే మాటే. బిడ్డ ఈణ్ణే ఉంటది,” అన్నాడు.

ఇంట్లో బాపమ్మ ఖాళీ అయిన మూలను చూసి, “నా తొక్కంత గొర్లకు పెట్టినవు గదనే!” అని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ తిట్లు తింటూ నేను హాయిగా అన్నం తిన్నాను. పది దాకా అక్కడే చదివాను. ఇంటర్‌కు జగిత్యాల వెళ్ళాను, అదీ నాకు వెళ్ళాలనిపించి. కోరుట్లకు పోయి ఉంటే ఇంగ్లీషు బాగా వచ్చేదని ఇప్పటికీ అంటారు. వచ్చేదేమో. అయినా మళ్ళీ అడిగినా మళ్ళీ ఉప్పే పోస్తాను.

ఇప్పుడు తంగళ్ళపల్లిలో ఉంటూ సిరిసిల్లలో ఉద్యోగం చేస్తున్నాను. షేర్ ఆటోలో ‘ఆపండి’ అనడానికి సిగ్గుపడి, నా మలుపు దాటిపోయాక ఇంకెవరో దిగితే వాళ్ళతోపాటు దిగి వెనక్కి నడుస్తాను. మొన్న ఇంట్లోవాళ్ళు నన్ను ఇంకా మంచి ఉద్యోగానికని హైదరాబాదుకు పంపాలని తీర్మానించి, ఎప్పటిలాగే మర్యాదకు ఒక మాట అడిగారు. అందరూ నా తల ఊపు కోసం చూస్తున్నారు.

“పోను,” అన్నాను.

అంతే వచ్చింది. ఆ రోజు ఉప్పు పోసిన పిల్ల అయితే ఇంకో నాలుగు మాటలు అనేది. నేను అనలేకపోయాను. కానీ వెళ్ళలేదు.