సముద్రానికి వారబందీ

ఆ దినాలల్ల మనిషి ఒంటరిగ ఉంటే నిజంగనే ఒంటరిగ ఉండేటోడు. జేబుల ఫోను లేదు, పక్కింట్ల టీవీ చూద్దామంటే మొహమాటం. నేను తిరుమలగిరి నుంచి వచ్చి మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల గుమస్తాగ చేరిన కొత్త. పొద్దంత ఊక దుమ్ము, సాయంత్రమైతే కిరాయి రూము. ఆదివారమంత నోరు తెరవకుంటనే గడిచిపోయేది, సోమవారం మిల్లుల మొదటి మాట బొంగురుగ వచ్చేది. అప్పుడే ఒక ఇంగ్లీషు పత్రికల కలం స్నేహం అడ్రసులు సూసి, "వ్యాపకం: సముద్రం ఒడ్డున నడక" అని ఉన్న ఇంగ్లండ్ ఆమెకు ఉత్తరం రాసిన. (వయసు వేయలే. ఇరవై ఉంటయని నేనే అనుకున్న. జవాబు వచ్చినంక తెలిసింది, డెబ్బై ఒకటి.)

జర నిరాశయింది గానీ, పలకరించే మనిషి దొరికింది గదా అని "డియర్ పెద్దమ్మా" అని మొదలువెట్టిన. ఆమె తన ఊరి బొమ్మ కార్డులు పంపేది. సముద్రం పొంటి రాతి గట్టు, గట్టు మీద బెంచీలు, ఎనక నాలుగంతస్తుల పాత హోటళ్ళు. ఇరుకు గల్లీలన్నీ కిందికి దిగి సముద్రం కాడికే పోతయట. భర్త పోయినంక రోజూ అదే బెంచీ మీద కూసుంటున్నదట, పక్కన ఆయన జాగ ఖాళీగనే ఉంచుతదట. ఆ కార్డులు గోడకు అంటించుకొని, మిల్లు నుంచి రాంగనే ఆ గల్లీలల్ల తిరిగేటోణ్ణి. సూర్యాపేట బస్టాండుల దారి తప్పిన నాకు ఆ ఊరి మలుపులన్నీ కంఠస్థం. పోస్టుమాన్ గూడ కార్డు తిరగేసి సూసి, "ఇల్లు మంచిగున్నది సారూ, కిరాయి ఎంతనో అడుగున్రి" అనేటోడు.

ఒకసారి ఆమె రాసింది: "ఈ పొద్దు నీళ్ళు చాన దూరం ఎనక్కి పోయినయి. మల్ల వచ్చేదాక బెంచీ మీద ఒక్కదాన్నే కూసున్న." నేను సముద్రం సూసినోణ్ణి గాదు. మెట్ట నుంచి వచ్చిన నాకు సాగర్ ఎడమ కాల్వే సముద్రం. నీళ్ళు పోయినయంటే నాకు తెలిసిన కారణం ఒక్కటే, వారబందీ. ఒక వారం మనకు, ఒక వారం అవతలోళ్ళకు. పాపం, ముసలామె నీళ్ళ కోసం ఎదురుసూస్తున్నదని పానం గుంజింది. డిక్షనరీ ముందల పెట్టుకొని మూడు దినాలు కూసొని రాసిన: "పెద్దమ్మా, ఊకోవద్దు. మీది చివరి ఆయకట్టు అయి ఉంటది. పై ఊరోళ్ళు తూములు పగలగొట్టి నీళ్ళు మలుపుకుంటున్నరేమో సూడున్రి. బెంచీల మీద కూసునేటోళ్ళ సంతకాలు తీసుకొని ఇంజనీరుకు దరఖాస్తు ఇయ్యిన్రి. నీళ్ళు వదిలే లష్కరును మంచిగ చేసుకోన్రి." దరఖాస్తు నమూనా గూడ జత చేసిన.

పోస్టు డబ్బాల వేసినంక, మిల్లుకొచ్చిన కోదాడ లారీ డ్రైవరుకు ఆ సంగతి గొప్పగ చెప్పుకున్న. ఆయన బీడీ తీసి పక్కన పెట్టిండు. "సముద్రానికి తూములేంటండీ గుమస్తాగారూ? అవి ఆటుపోట్లు. వాటంతటయ్యే పోతాయి, వాటంతటయ్యే వస్తాయి."

రెండు నెలలు జవాబు లేదు. ఆమె నవ్వుకుంటే నవ్వుకోనియ్యి, ఇగ రాయకపోతే నేను ఎవరితోని మాట్లాడాలె? పోస్టుమాన్ సైకిలు నా గడప దాటిపోతుంటే సందు మలుపుదాక సూసేటోణ్ణి. గోడ మీది గల్లీలల్లకు పోనీకి మొఖం చెల్లలే.

ఆఖరికి నీలం కవరు వచ్చింది. "నీ దరఖాస్తు మీద ముగ్గురం సంతకాలు పెట్టినం. సంతకం కోసమని ఎదురింటామె వచ్చి మా ఆయన జాగల కూసున్నది. లెవ్వుమనబుద్ధి గాలే. ఇప్పుడు రోజూ వస్తున్నది. ఇంజనీరు ఎవరని అడిగినం, చందమామ అంట. దరఖాస్తులు తీసుకోడంట." చదివి నవ్విన, నవ్వుకుంటనే ఏడ్చిన. తర్వాత ఆరేండ్లు రాసింది. ఆ తర్వాత ఉత్తరం రాలే. నేను రాసిన రెండు ఉత్తరాలు తిరిగొచ్చినయి.

మొన్న బందరు దిక్కు పెండ్లికి పోయి మొదటిసారి సముద్రం సూసిన. నీళ్ళు ఎనక్కి పోయి ఉన్నయి. దరఖాస్తు రాసిన ఆ గుమస్తా యాదికొచ్చి ఒక్కణ్ణే నవ్వుకుంట ఇసుకల కూలబడ్డ.

"ఏందయ్యా, బస్సు పోతది, లెవ్వు" అన్నది మా ఆమె.

"లష్కరు ఇంకా నీళ్ళు వదల్లే. జరసేపు సూద్దాం" అన్న.

ఏం సమజ్ గాక నా మొఖం సూసి, చెప్పులు పక్కన పెట్టి, నా పక్కనే కూసున్నది.